చెల్లె చెప్పిన బండ్ల తొవ్వ

ఫోన్ మోగితే చాలు, మా అత్తమ్మకు తెలిసిపోయేది. "అగో, మీ చెల్లె. ఇగ ఇయ్యాల పప్పు మాడుతది" అనేది. ఊకెనే అనేది కాదు, పప్పు నిజంగనే మాడేది. చెల్లెతోని మాట్లాడి ఫోన్ పెట్టినంక నా చెయ్యి పొయ్యి మీద ఉండేది గని పానం పొయ్యి కాడ ఉండకపోయేది. కుళ్లు. దానికి ఇంకో మాట లేదు. సొంత చెల్లెను చూసి, నా చేతులల్ల పెరిగిన పిల్లను చూసి కండ్లల్ల నిప్పులు పోసుకున్న.

తెలంగాణ రావాలని ఊరూరు రోడ్డెక్కిన రోజులవి. బస్సులు బందు, బడులు బందు, ఆఫీసులు బందు, భూపాలపల్లి దిక్కు బొగ్గుబాయిలు గూడ బందు. మేము కేసముద్రంల ఉంటిమి. మార్కెట్ యార్డుకు ఎదురుంగ మా అత్తగారోళ్ల అడ్తి దుకాణం. రైతులు తెచ్చిన వడ్లు, మక్కలు, పత్తి మా దుకాణం మీదికెల్లే అమ్ముడుపోయేటియి. దుకాణం పైన ఇల్లు. కిటికి తీస్తే లారీలు, ట్రాక్టర్లు, దుమ్ము. పెండ్లయి వచ్చిన కాడికెల్లి నేను చూసిన లోకం ఆ కిటికిలకెల్లి కనవడేదే. సమ్మె మొదలైనంక ఆ లారీలు గూడ ఆగినయి. కుక్కలు నడిరోడ్డు మీద కాళ్లు సాపుకోని పండుకున్నయి. ఆ ఖాళీ రోడ్డును చూస్తే నాకు కాళ్లు గుంజేటియి.

ఎందుకంటే నాకు సైకిల్ పిచ్చి. జనగామల మా నాయినది కిరాణ దుకాణం. మా గల్లిల సైకిల్ మీద కాలేజికి పోయిన మొదటి ఆడపిల్లను నేనే. నాయిన కొనిచ్చిండు, అమ్మ వద్దన్నది, నేను తొక్కిన. రైలుపట్టాల అవతల పెద్ద జాగ ఒకటి ఉండేది, అండ్లనే చెల్లెకు నేర్పిన. నేను సీటు పట్టుకోని ఉరుకుతుంటి, అది ఏడ్సుకుంట తొక్కుతుండె. దానికి బుగులు ఎక్కువ. తొక్కిన దినాల కంటే నా వెనుక క్యారియర్ మీద కూసోని తిరిగిన దినాలే ఎక్కువ. నా రిబ్బన్లకు ఏడ్సేది, నా జడకు ఏడ్సేది, నా సైకిలుకు ఏడ్సేది. "అన్ని అక్కకేనా" అని మూతి ముడుసుకోని మూలకు కూసునేది. నాకు అదొక ఖుషి. కుళ్లుకునుడు దాని పని, కుళ్లించుడు నా పని. లోకం గట్లనే నడుస్తదనుకున్న.

దాని మొగడు, మా మరిది, భూపాలపల్లిల బొగ్గుబాయి ఆఫీసుల కొలువు చేస్తడు. మంచోడే, నవ్వుకుంట మాట్లాడుతడు. సమ్మెల ఆయనకు డ్యూటీ లేదు. క్వార్టర్ల మొగోళ్లందరు పొద్దంత దీక్ష శిబిరంల కూసోని కూసోని నడుములు పట్టి, తెల్లారంగనే సైకిళ్లు పట్టుకోని అడివి దిక్కు పోవుడు మొదలువెట్టిండ్రు. మామూలు దినాలల్ల ఆ రోడ్ల మీద సైకిల్ తొక్కే ధైర్యం ఎవ్వలికుంటది? బొగ్గు లారీ ఒకటి పోతే దాని దుమ్ము కిందికి దిగకముందే ఇంకోటి వస్తది. ఇప్పుడు ఒక్కటి లేదు. అటు గుట్టలు, ఇటు గుట్టలు, నడుమ టేకు అడివి, రోడ్డంత వీళ్లదే. మరిది హన్మకొండల గేర్ల సైకిల్ కొన్నడని చెల్లె ముందే చెప్పింది. ఇగ రోజు ఫోన్.

"అక్కా, ఇయ్యాల గుట్ట ఎక్కి దిగినం."

"ఎవరెవరు పోయిండ్రే?"

"మేమే."

గా 'మేమే' అన్న మాట నాకు ముల్లు గుచ్చినట్టు అయింది. మొగడు పెండ్లాము సైకిళ్లేసుకోని అడివిల తిరుగుతుండ్రన్నట్టు. నేనేమో కారంపొడి పట్టిచ్చి డబ్బాలల్ల నింపుతున్న.

ఒకనాడు నెమళ్లు అడ్డమొచ్చినయన్నది. ఒకనాడు వాగుల కాళ్లు పెట్టుకోని కూసున్నమన్నది. ఒకనాడు టేకుపూలు రాలి రోడ్డంత తెల్లగ అయిందని, దాని మీద చక్రం పోతుంటే సప్పుడే రాలేదని చెప్పింది. నేను "ఊఁ" అంటుంటి. 'ఊఁ' అనుడు గూడ పీక్కోని అంటుంటి. "నీ సైకిల్ ఏంజేస్తున్నవే అక్కా" అని అడిగేది మల్ల. అది అడిగినప్పుడైతే నాకు ఫోన్ల చెయ్యి పెట్టి దాని జుట్టు పట్టుకుందామనిపించేది.

నా సైకిల్ గోదాముల ఉన్నది. పెండ్లిల నాతోని వచ్చిన బీరువ, మంచం, గిన్నెలల్ల సైకిల్ గూడ ఉండె. దాన్ని దించినప్పుడు మా అత్తగారి దిక్కోళ్లు అందరు నవ్విండ్రు. కోడలు సైకిల్ తొక్కుకుంట కాపురానికి వచ్చిందని చాన్నాళ్లు చెప్పుకోని నవ్విండ్రు. అప్పటికెల్లి అది గోనె సంచుల ఎనుక గోడకు ఆనిచ్చి ఉన్నది. నేను అప్పుడప్పుడు పోయి గుడ్డతోని తుడిసి వస్తుంటి, గాలి గూడ కొట్టిపిస్తుంటి. తొక్కుతందుకు మాత్రం మోకా రాలేదు. అడుగుతె కాదంటరని తెలుసు, అడుగుతందుకు నోరు రాలేదు.

సమ్మె మొదలైనంక మా ఊళ్లె వంటావార్పు అని పెట్టిండ్రు. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు పెట్టి, ఊరోళ్లందరికి అక్కడనే వండి వడ్డించుడు. దుకాణాల ఇండ్లకెల్లి ఆడోళ్లమందరం పోయినం. నేను పెద్ద గంజుల పులిహోర కలిపిన. రాత్రి అదే రోడ్డు మీద బతుకమ్మలు పెట్టి ఆడినం. మా అత్తమ్మే ముందల నిలవడి చప్పట్లు కొట్టింది. నాకు మస్తు సంబురమైంది, అబద్ధం చెప్ప. గని ఇంటికొచ్చినంక పండుకుంటే ఒక్కటే అనిపించింది. రోడ్డు మీద వండుతందుకు పంపుతరు, రోడ్డు మీద ఆడుతందుకు పంపుతరు, అదే రోడ్డు మీద సైకిల్ తొక్కుతనంటే కొంపలు మునుగుతయా? అవతల నా చెల్లె తొక్కుతున్నది కద. చెల్లెకున్నది నాకు లేకుంటెట్ల?

గట్ల నేను ఉడుకుతున్న దినాలల్లనే చెల్లె బండ్ల తొవ్వ ముచ్చట తీసింది.

"గణపురం కెల్లి మా దిక్కు వస్తుంటే, చెల్పూరు రాకముందే అడివిలకు ఒక తొవ్వ పోతది అక్కా. గుట్టల పక్క పొంటి తిరిగి తిరిగి మా క్వార్టర్ల ఎనుకకు తేలుతది. దాని పేరు బండ్ల తొవ్వ. పేరేమో బండ్ల తొవ్వ, బండి మాత్రం ఒక్కటి లేదు. బందుల బండ్లెక్కడియి" అని నవ్వింది. "నల్లగ, నున్నగ అద్దం లెక్క ఉంటది. చెయ్యి ఇడిసి తొక్కొచ్చు. అండ్ల పోతుంటే నేనేనా అనిపిస్తది నాకు."

మాకు జనగామల బండి అంటే అన్ని బండ్లే. స్కూటరు బండే, లారీ బండే, రైలు గూడ బండే. కాబట్టి నేను గూడ అట్లనే అనుకున్న, లారీలు పోయే పెద్ద తారు రోడ్డు అని. సమ్మె అయిపోయిందనుకో, మల్ల ఆ రోడ్డు మీదికి బండ్లన్ని వచ్చి పడుతయి. ఇగ ఎన్నడు ఖాళీగ దొరకదు. నా బతుకుల ఒక్కసారన్న ఆ తొవ్వ మీద చెయ్యి ఇడిసి తొక్కాలె, అది గూడ సమ్మె అయిపోకముందే తొక్కాలె. ఇదొక్కటే కూసున్నది నా నెత్తిల. అన్నం తింటుంటే అదే, బట్టలు పిండుతుంటే అదే. పేపర్ల ఎక్కడన్న చర్చలు అని కనవడితే నాకు పరేషాన్. ఊరంత చర్చలు మంచిగ జరగాలె అంటుంటే నేను మాత్రం ఇంకో నాలుగొద్దులు ఆగితే బాగుండు అనుకుంట కూసున్న.

ఒకనాడు అన్నం కాడ చెప్పేసిన. "నేను చెల్లె దగ్గరికి పోత."

మా ఆయన ముద్ద నోట్ల పెట్టుకోని ఆగిండు. "బస్సులు లేవు కద. ఎట్ల పోతవ్?"

"సైకిల్ మీద."

మా అత్తమ్మ చెంబు కింద పెట్టింది. "రోడ్డు మీద సైకిలా? నలుగురు ఏమనుకుంటరే?"

నాకు ముక్కు మీదికి వచ్చింది కోపం. "మొన్న నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి నాతోని పులిహోర కలిపిచ్చినప్పుడు ఆ నలుగురు ఏమనుకున్నరు అత్తమ్మా? మంచిగున్నదని రెండోసారి పెట్టించుకున్నరు కద."

మా అత్తమ్మ చెంబు ఎత్తి నీళ్లు తాగింది. మా ఆయన నన్ను కాసేపు చూసి, "నిజం చెప్పు, ఎందుకు పోతున్నవ్?" అన్నడు.

"కుళ్లుతోని పోతున్న" అన్న. "అది రోజు అడివిల తిరిగి నాకు ఫోన్ల చెప్తుంటే నాకు కడుపు మండుతున్నది. నేను గూడ తిరగాలె. అంతే."

ఆయన నవ్విండు. నవ్వి నవ్వి పొలమారింది. "గింత నిజం చెప్తే ఎట్ల కాదంట" అన్నడు. గని కేసముద్రం కెల్లి సైకిల్ మీద వద్దన్నడు. నెల్లికుదురు పటేలు ఒకాయన ఎన్నేండ్ల సంది మా దుకాణంలనే వడ్లు అమ్ముతడు. ఆయన బిడ్డను గణపురంల ఇచ్చిండ్రు. పండుగకు బిడ్డ ఇంటికి బియ్యం మూటలు ఏసుకోని ట్రాలీ ఆటోల మొగడు పెండ్లాము ఇద్దరు పోతుండ్రు. నన్ను, నా సైకిల్‌ను వాళ్లతోని పంపుతనన్నడు. గణపురం కాడికి మరిది బండి తీస్కోని వస్తడు కద అని అడిగిండు. వస్తడని చెప్పిన. మరిదికి నేను చెప్పనే లేదు, వచ్చేదెక్కడిది.

చెల్లెకు ఫోన్ చేసి చెప్పిన, వస్తున్న, నీ బండ్ల తొవ్వ మీదనే వస్తున్న అని.

అవతలి కెల్లి గిన్నె కింద పడ్డ సప్పుడు వచ్చింది.

"వద్దక్కా. పెద్ద రోడ్డు మీదనే రా. బండ్ల తొవ్వల నువ్వు తప్పిపోతవ్."

"నువ్వు తప్పిపోవు, నేను తప్పిపోతనా? నీకు సైకిల్ నేర్పింది ఎవరే?"

"గట్ల కాదక్కా..."

ఫోన్ పెట్టేసిన. చూసినవా దాని బుద్ధి? అడివంత తనదైనట్టు, నాకు ఒక్కనాడు గూడ ఇయ్యబుద్ధి కాదు. చిన్నప్పుడు నేను దాన్ని క్యారియర్ మీద కూసోవెట్టుకోని జనగామంత తిప్పలేదా? గా మాత్రం గుర్తులేదు. ఆ రాత్రంత బీరువ తీసి పెండ్లి కాకముందటి పంజాబీ డ్రెస్సు ఎతికి, పక్కల కుట్లు విప్పి వదులు చేసుకున్న. ఇప్పిన ఒక్కొక్క కుట్టుకు దాన్ని తిట్టుకున్న.

తెల్లారి ట్రాలీల పోయినం. నడుమ రెండుమూడు కాడ రోడ్డుకు అడ్డంగ చెట్లు పడేసి ఉన్నయి, టైర్లు కాలవెట్టి ఉన్నయి. పటేలు దిగి, జై తెలంగాణ అని, బిడ్డ ఇంటికి పోతున్నమని చెప్తే పక్కకు జరిపి పంపిండ్రు. నా సైకిల్‌ను చూసి ఒక పిలగాడు, "అక్క సైకిల్ మీద ఢిల్లీ పోతుందా" అన్నడు. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. గణపురంల పటేలు నన్ను దించి, "మీ మరిది ఏడి బిడ్డా" అన్నడు. "ముందల నిలవడ్డడు బాపూ" అన్న. ఆయన అటు తిరగంగనే సైకిల్ ఎక్కిన.

ఇగ చూసుకో. రోడ్డు మీద నేను, నా సైకిల్, అంతే. మొదట హ్యాండిల్ అటిటు కొట్టింది. ఎన్నేండ్లాయె తొక్కక. జర దూరం పోయినంక కాళ్లకు గుర్తుకొచ్చింది. రెండు దిక్కుల పచ్చగ ఉన్నది, దూరంగ గుట్టలు నీలంగ ఉన్నయి. గాలి సల్లగ తలుగుతున్నది. నా చైను సప్పుడు నాకే ఇనవడుతున్నది, బ్రేకు పట్టుకుంటే కీసుమంటున్నది. సంబురపడాలె కద నేను? పడలేదు. ప్రతి చెట్టు కాడ, ప్రతి మూల కాడ ఒక్కటే ఆలోచన. ఇదంత చెల్లె రోజు చూస్తది. ఇది రోజు తిరుగుతది. నేను ఒక్కనాడు వచ్చి పోత, ఇది మల్ల రేపు గూడ వస్తది. తంగేడు పువ్వు కనవడినా చెల్లె మీదనే మంట, చెరువు కట్ట కనవడినా చెల్లె మీదనే మంట.

చెల్లె చెప్పినట్టే చెల్పూరు రాకముందే అడివి మొదలుకాడ ఆగిన. తారు రోడ్డు ఏదన్న పక్కకు చీలుతదేమో అని చూసుకుంట చూసుకుంట పోయిన. ఏదీ చీలలేదు. ముందుకు పోయిన, ఎనుకకు వచ్చిన. మద్దిచెట్టు కింద ఒక ముసలామె మేకలు కాసుకుంట నిలవడి ఉన్నది.

"అవ్వా, బండ్ల తొవ్వ ఏడున్నది?"

"గిదే కద బిడ్డా. నువ్వు నిలవడ్డది దాని మొదట్లనే."

నేను కిందికి చూసిన. నా సైకిల్ ముందు చక్రం మట్టిల ఉన్నది. అటు ఒక గాడి, ఇటు ఒక గాడి, రెండు గాళ్ల నడుమ మోకాలెత్తు గడ్డి. ఎర్రమట్టి, గులకరాళ్లు, అక్కడక్కడ ఇసుక. అట్లనే అడివిలకు పోతున్నది.

"ఇది గాదవ్వా. బండ్లు పోయే తొవ్వ."

"బండ్లు పోయేదే బిడ్డా. ఎడ్లబండ్లు. ఎన్కట కట్టె బండ్లు, బొంగు బండ్లు గీ తొవ్వలనే పోతుండె. అందుకే బండ్ల తొవ్వ."

నేను నోరు తెరుసుకోని నిలవడ్డ. నల్లగ, నున్నగ, అద్దం లెక్క. చెయ్యి ఇడిసి తొక్కొచ్చు. ఆ గాళ్లల్ల చెయ్యి ఇడిస్తే పళ్లు రాలుతయి. ఎద్దుబండి తొవ్వను ఒక్కసారి కండ్లతోని చూసిన మనిషి ఎవ్వలన్న అద్దం లెక్క ఉన్నదని అంటరా?

"అవ్వా, రోజు గీ తొవ్వల ఒక ఆడిపిల్ల సైకిల్ మీద వస్తది కద? నా అసొంటిదే, జర బక్కగ ఉంటది."

అవ్వ నన్ను కిందికెల్లి మీదిదాక చూసింది. "మొగోళ్లు వస్తరు బిడ్డా. నలుగురైదుగురు, టోపీలు పెట్టుకోని నవ్వుకుంట పోతరు. ఆడిమనిషిని సైకిల్ మీద నిన్నే చూస్తున్న."

అవ్వ మేకలు తోలుకోని పోయింది. నేను అక్కడనే ఒక బండ మీద కూసున్న. ఎంత మండిన నేను. ఎన్ని పప్పులు మాడగొట్టిన. మా అత్తమ్మతోని లొల్లి పెట్టుకున్న, మా ఆయనకు అబద్ధం చెప్పిన, కుట్లు విప్పుకోని వచ్చిన. దేనికోసం? లేనిదాని కోసం. మా చెల్లె ఈ అడివిల అడుగు పెట్టలేదు. 'మేమే' అంటే వాళ్లాయన, ఆయన దోస్తులు. ఇది ఇంట్ల కూసోని నాకు చెప్పింది. గా నెమళ్లు, గా వాగు, గా టేకుపూలు అన్ని ఆయన కండ్లు చూసినయే. ఎంత కోపమొచ్చిందంటే అక్కడికెల్లే ఎనుకకు మళ్లి పోదామనుకున్న.

పోలేదు. వచ్చినంక తొక్కకుండ పోతనా? సైకిల్‌ను గాడిల దింపి తొక్కిన. చక్రం గాడిల ఇరుక్కుంటది, ఇసుకల జారుతది, రాళ్ల మీద ఎగిరెగిరి పడుతది. ఎత్తు కాడ దిగి నూకుకుంట పోయిన. దిగుడు కాడ రెండు బ్రేకులు పట్టుకోని, దేవుడా అనుకుంట దిగిన. వెదురు పొదలు మీదికి వంగి ఉన్నయి. ఒక కాడ వాగు అడ్డమొచ్చింది. నిజంగనే వాగు. చెప్పులు తీసి, సైకిల్ భుజం మీద ఆనిచ్చుకోని దాటిన. అవతలి గడ్డన కూసోని నీళ్లల్ల కాళ్లు పెట్టుకున్న. సల్లగ పానం లేసొచ్చింది. గప్పుడు సంబురమైంది నాకు. మనిషి సప్పుడు లేదు, బండి సప్పుడు లేదు. ఇది నాదే, ఎవ్వలు చెప్పింది గాదు, నేనే చూస్తున్న అనుకున్న. గట్ల అనుకోంగనే మల్ల చెల్లె యాదికొచ్చింది. ఈసారి మంటగ రాలేదు, అదేదో వేరే తీరుగ వచ్చింది.

క్వార్టర్ల ఎనుక తేలేవరకు చెమటతోని తడిసిపోయిన. చెల్లె గుమ్మంల నిలవడి ఉన్నది. నన్ను చూడంగనే ఉరికొచ్చింది గని, నా మొహం చూసి నడుమల్నే ఆగింది. ఇంటి ముందల గేర్ల సైకిల్ గొలుసు ఏసి ఉన్నది. ఒక్కటే ఉన్నది. దాని సీటు నా నడుము దాక ఉన్నది. మా చెల్లె నా భుజం దాక గూడ రాదు. ఆ సైకిల్ ఎక్కాలంటే దానికి స్టూలు కావాలె.

నేను ఏం అనకముందే, "ఎట్లున్నదక్కా తొవ్వ?" అని అడిగింది.

మామూలుగ అడగలేదు. ఆకలైనోళ్లు గిన్నెల ఏమున్నదని చూసినట్టు అడిగింది. తిట్టాలని దార్ల పేర్చుకోని వచ్చిన మాటలన్ని పక్కకు పెట్టి సైకిల్‌కు స్టాండు ఏసిన.

"నువ్వే చెప్పు, ఎట్లుంటదో" అన్న.

అది కిందికి చూసుకుంట నిలవడ్డది. "నాకేం తెలుసు" అన్నది. "ఆయన చెప్పుతడు, నేను ఇంట. నేను గూడ వస్తనన్న అక్కా. క్వార్టర్లల్ల అందరు నవ్వుతరు, ఆడోళ్లు ఎవ్వలు వస్తలేరు కద అన్నడు. కోపంగ అనలేదు, నవ్వుకుంటనే అన్నడు. ఇగ మల్ల అడగలే."

"అడగకుంటే అడగకపోతివి. నాకు గన్ని అబద్ధాలెందుకే?"

తల ఎత్తింది. కండ్లల్ల నీళ్లు లేవు, మొండితనమున్నది. చిన్నప్పటి మొండితనమే. "మొదటి దినం ఊకెనే చెప్పిన. 'పోయినం' అన్న. నువ్వు ఇంతసేపు సప్పుడు చెయ్యలే. నాకు సమజైంది, అక్క కుళ్లుకుంటున్నదని. నన్ను చూసి. నువ్వు, నన్ను చూసి. నా బతుకుల నువ్వు నన్ను చూసి ఒక్కసారన్న కుళ్లుకున్నవా? నాకు గంత మంచిగ ఎన్నడనిపియ్యలే అక్కా. రోజు నువ్వు కుళ్లుకుంటుంటే నేను నిజంగనే పోయొచ్చినట్టుండె."

ఇంట్లకు పోయి మొహం కడుక్కున్న.

రాత్రి మరిది వచ్చిండు. "వదినా, ఒక్కరే వచ్చిండ్రా, అదీ బండ్ల తొవ్వలకెల్లి" అని నోరెళ్లబెట్టిండు. అన్నం తినుకుంట ఆయన తిరుగుళ్ల ముచ్చట్లు మొదలువెట్టిండు. గణపురం తారు రోడ్డు ఎట్ల అద్దం లెక్కుంటదో, చెయ్యి ఇడిసి ఎట్ల తొక్కుతరో, మల్ల బండ్ల తొవ్వల నెమళ్లు ఎట్ల అడ్డమొస్తయో. రెండు తొవ్వలను చెల్లె ఒకటి చేసిందని అప్పుడు సమజైంది. నేను మరిదిని చూస్తలేను. చారు పోసుకుంట నిలవడ్డ చెల్లెను చూస్తున్న. ఆయన చెప్తుంటే దాని పెదవులు మెల్లగ కదులుతున్నయి. ఒక్క మాట పోకుండ పట్టుకుంటున్నది. ఫోన్ల నేనిన్న మాటలన్ని గక్కడ, ఆ అన్నం కాడ తయారైనయి.

నేను అక్కడ ఉన్నప్పుడే సమ్మె ఇడిసిండ్రు. బొగ్గుబాయి సైరన్ మోగింది, మరిది ఫస్ట్ షిఫ్టుకు పోయిండు, బస్సులు తిరిగినయి. తెలంగాణ ఇంకా రాలేదు, లారీలు మాత్రం వచ్చినయి. బస్టాండు కాడ చెల్లె నా సంచి అందిచ్చి, "సైకిల్ బస్సు మీద ఏయమనాలె కద" అన్నది.

"ఈడనే ఉండనియ్" అన్న. "నీ ఎత్తుకు సరిపోతది. మీ ఆయన షిఫ్టుకు పోయినంక ఇల్లంత ఖాళీ. ఆ తొవ్వల లారీలెన్నడు రావు, సమ్మె ఉన్నా లేకున్నా రావు."

అది నన్ను చూసింది. సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నది. బస్సు కదులుతుంటే మెడ తిప్పి చూసుకుంటనే ఉన్న, చెల్లెను ఇడిసి పోతున్నందుకు గాదు, సైకిల్‌ను ఇడిసి పోతున్నందుకు. ఇంట్ల మా అత్తమ్మ అడిగితే, ఇచ్చేసిన అని ఒక్క ముక్క చెప్పిన.

తర్వాత చాలా దినాలు ఫోన్ రాలేదు. నేను గూడ చెయ్యలేదు. ఒకనాడు పొద్దుగాల మోగింది.

"అక్కా, పిర్రలు నొస్తున్నయే. కూసోరావట్లేదు." గొంతు రొప్పుతున్నది. "మోకాలు చెక్కుకపోయింది. చెయ్యి గూడ. ఇసుకల పడ్డ. ఎవ్వలు చూడలే, నేనే లేసిన."

సమ్మె దినాలల్ల అది చెప్పిన ముచ్చట్లల్ల ఎన్నడు నొప్పి అన్న మాట లేకుండె.

"వాగు దాక పోయినవా?" అన్న.

"దాటిన. దాటి గుట్ట మీదికి ఇంకో చిన్న తొవ్వ పోతది కద, అది గూడ ఎక్కిన. నూకుకుంట ఎక్కిన. మీదికెల్లి మొత్తం కనవడుతది అక్కా, చెరువు, కరెంటు ఫ్యాక్టరీ పొగ, మా క్వార్టర్లు ఇంతింతగ. ఆయన గూడ ఎన్నడు మీదిదాక పోలేదంట. నువ్వు చూడలే కద?"

"లేదు" అన్న.

"రేపు మల్ల పోత" అన్నది.

పసుపు రాసుకొమ్మని చెప్పి ఫోన్ పెట్టిన. కిటికి కింద పత్తి లారీలు వరుస కట్టి నిలవడ్డయి, హారన్లు, దుమ్ము. మా అత్తమ్మ లోపలికెల్లి పప్పు చూడు, పప్పు చూడు అని మొత్తుకుంటున్నది. నా కడుపుల గంత మంట ఎన్నడు లేవలేదు. అది నిజంగనే పోయింది. నేను ఈడనే ఉన్న.